వేసవిలో పండ్ల తేనీరు

నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడను. బాల్యమున గురువుగారి యింట అమరమును, రఘువంశమును వల్లె వేసితిని. పిదప భాషాప్రవీణ పరీక్ష నిచ్చి, పాఠశాలలో పండితుడనై, కొన్నియేండ్ల క్రిందట విశ్రాంతి గొంటిని. అట్టి నేను ఈ పూట తేనీటిని గుఱించి, అందులోను పండ్లతో కూర్చిన తేనీటిని గుఱించి మాటలాడబోవుచున్నానని తెలిసి మా యూరి రచ్చబండకడ నవ్వినవారున్నారు. “పంతులుగారూ, వసుచరిత్ర చెప్తారనుకుంటే టీ కొట్టు పెడుతున్నారేమిటి?” అని ఒకాయన అడిగెను. ఆయన నవ్వులో తప్పులేదు. మూడేండ్ల క్రిందట ఐనచో నేనును ఆయనతో కలిసి నవ్వియుందును.

ఆ నవ్వును మానిపించిన సంగతి ముందుగా చెప్పెదను. 2015వ సంవత్సరపు వేసవి మీకు జ్ఞాపకముండును. ఆ యేడు మే నెలలో వడగాడ్పులు మన దేశమున రెండువేలమందికి పైగా పొట్టన బెట్టుకొన్నవి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. ఆ యెండలలోనే, నాతో పనిచేసి నాకు ఎన్నో యేండ్లు ముందుగా విశ్రాంతి గొన్న లెక్కల మాష్టారొకరు కాలధర్మము నొందిరి. ఆనాడు మిట్టమధ్యాహ్నము పొరుగూరినుండి సైకిలుమీద వచ్చుచు మా యరుగుమీద క్షణకాలము కూర్చుండిరి. మంచినీళ్ళు తెప్పింతునా యని అడిగితిని. “దాహం వేయటం లేదండీ, ఇంటికి పోయి టీ తాగుతాను” అనిరి. వారి పెదవులు ఎండియుండుట నేను చూచితిని. చూచియు రెండవమాఱు అడుగలేదు. పెద్దవారిని నిర్బంధించుట మర్యాద కాదనుకొంటిని. ఆ సాయంకాలము వారికి మాట తడబడెను, ఒడలు కాలిపోయెను. ఆసుపత్రికి చేర్చులోపలనే ప్రాణము పోయినది.

అంత జరిగినను నాకు బుద్ధి రాలేదు. మూడేండ్ల క్రిందట వైశాఖమాసమున ఒకనాడు నాకే కన్నులు తిరిగి పెరటిలో పడితిని. వైద్యుడు వచ్చి, “పొద్దుటినుంచి ఏమేం తాగారు పంతులుగారూ?” అని అడిగెను. పాలు పోసిన టీ రెండుమాఱులు, భోజనమున చారు, మజ్జిగ, అంతకుమించి జ్ఞాపకము రాలేదు. దాహము వేయలేదని చెప్పితిని. అప్పుడాయన చెప్పిన మాట మీరందఱును వినదగినది. అఱువదియేండ్లు దాటినవారికి దాహమను కబురు ఆలస్యముగా అందునట. ఒంటిలో నీరు తగ్గియున్నను నోటికి తెలియదు. నీటిని నిలుపుకొను శక్తియు మూత్రపిండములకు వయసుతోబాటు తగ్గును. కావున దాహమైనపుడు త్రాగెదనను వృద్ధుడు పాడైన గడియారమును చూచి బండికి బయలుదేఱినవాడే. దాహమును నమ్మక, మూత్రపు రంగును చూచుకొనుమని ఆయన చెప్పెను. అది ఎండుగడ్డి రంగున తేటగా నుండవలెను. చిక్కని పసుపురంగునకు తిరిగినచో ఒంటిలో నీరు చాలలేదని గుర్తు.

నీరు త్రాగవలెనని తెలిసినది. తెలిసినంతమాత్రమున గొంతు దిగునా? దాహము లేనివానికి వట్టినీరు మందువంటిది. రెండు గ్రుక్కలతో చెంబు దింపుదును. “రుచి ఉన్నదేదైనా తాగండి, తాగటం ముఖ్యం” అని వైద్యుడు చెప్పి పోయెను.

హైదరాబాదునుండి నన్ను చూడవచ్చిన మా కోడలు ఆ మాట పట్టుకొన్నది. ఆమె సంచిలోనుండి నాలుగు రంగుల పెట్టెలు తీసి, “మామయ్యగారూ, ఇవి పండ్ల టీలు. ఒకసారి రుచి చూడండి. నచ్చకపోతే నేనే తాగేస్తాను, పారేయకండి” అన్నది. మొదట విప్పినది పీచ్ పండు పేరిటి పెట్టె. అందలి చిన్న కాగితపుసంచిని వేడినీటిలో వేయగానే గదియంతయు సువాసన నిండినది. ఎంతో ఆశతో త్రాగితిని. వాసన విందు, రుచి పస్తు! ఇదేమి చిత్రమని కండ్లజోడు సవరించుకొని పెట్టెమీది సన్నని అక్షరములు చదివితిని. ఎండబెట్టిన యాపిల్ ముక్కలు, ఒకానొక మందారజాతి పువ్వు, గులాబికాయలు, కమలాపండు తొక్క, కలిపిన పరిమళము. ఇన్ని యున్నవి గాని తేయాకు మాత్రము ఒక్క రవ్వయు లేదు. పేరు టీ, అందు టీ లేదు. మేము వ్యాకరణములో రూఢి, యోగము అని చెప్పుకొను భేదమునకు ఇంతకంటె మంచి యుదాహరణము నాకు ముప్పదియేండ్లలో దొరకలేదు.

ఇందువలన తెలియవలసినదేమనగా, పండ్ల టీ అను పేర అంగడిలో అమ్మునవి రెండు తెగలు. ఒకటి నిజమైన తేయాకునకు పండు వాసన పట్టించినది. ఇంగ్లండులో ప్రసిద్ధమైన ఎర్ల్ గ్రే అనునది ఈ తెగలోనిది. ఇటలీ దక్షిణభాగమున పండు బెర్గమోట్ అను నిమ్మజాతి పండు తొక్కలోని నూనెతో దానికి వాసన కట్టుదురు. 1830 మొదలు 1834 వఱకు ఆ దేశమునకు ప్రధానమంత్రిగా నుండిన గ్రే ప్రభువు పేరు దానికి నిలిచినది. రెండవ తెగలో ఆకు ఉండదు, ఎండుపండ్ల కషాయము మాత్రమే. ఆకులోని కెఫీన్ అను ఉత్తేజకపదార్థము వీనిలో లేదు గనుక రాత్రి నిద్రపట్టనివారు సాయంకాలమందు ఈ రెండవ తెగనే త్రాగుట మేలు.

తేయాకు అను మాటను గుఱించి ఒక్కమాట చెప్పకున్న నా జాతిధర్మము తప్పును. చీనాదేశమున ఒకే ఆకునకు సముద్రతీరమందలి అమాయ్ రేవు ప్రాంతమువారు ‘తే’ అనియు, తక్కినవారు ‘చా’ అనియు అందురు. ఓడలమీద డచ్చివర్తకులతో వెళ్ళిన మాట తే. ఒంటెలమీద పారసీకదేశపు త్రోవ పట్టిన మాట చా. మన తెలుగునాట రెండును కలిసినవి. కోస్తావారు టీ అందురు, హైదరాబాదువారు చాయ్ అందురు. తే అను దానికి ఆకు చేరినపుడు యడాగమము వచ్చి తేయాకైనది. ఇది తెలుగు చేసికొన్న చక్కని మాట. తేనీరు అను దానిని మాత్రము పిల్లలు తేనె కలిపిన నీరని అర్థము వ్రాయుట నేనెఱుగుదును. నేను వారికి సగము మార్కు వేసెడివాడను.

పండ్లు కలుపుట నిన్నటి వెఱ్ఱి యని తలపవద్దు. ఎనిమిదవ శతాబ్దమున చీనాలో లూ యూ అను పండితుడు తేయాకుమీద ఒక శాస్త్రగ్రంథమే వ్రాసెను. అందులో ఆయన ఒక సంగతికి మిక్కిలి కోపగించెను. జనులు తేనీటిలో ఉల్లికాడలు, అల్లము, రేగుపండ్లు, నారింజజాతి పండ్ల తొక్కలు, పుదీనా వేసి మరగబెట్టుచున్నారనియు, అట్టిది కాలువలో పాఱబోయదగినదనియు ఈసడించెను. ఉప్పు మాత్రము చిటికెడు వేయుటకు ఆయనయు ఒప్పుకొనెను. మా పండితులందఱి స్వభావము ఒక్కటేనని నాకు దీనివలన తోచినది. మేము తిట్టుటచేతనే అప్పటి లోకాచారము పుస్తకమున కెక్కి నిలుచును. ఇక మనవైపు చూతము. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పానకములను చెప్పుచు ద్రాక్షలతోను, రేగుపండ్లతోను చేయు పానకములను పేర్కొన్నారు. అక్కడ ఆకుతో రేగు, ఇక్కడ ఆకు లేక రేగు. శ్రీరామనవమినాడు బెల్లము, మిరియము, ఏలకులు కలిపి పానకము త్రాగువారికి పండ్ల తేనీరు పరాయిది కాదు, దూరపు చుట్టము.

ఇంక రుచుల మాట. తేయాకున సహజముగా నున్నవి రెండే రసములు, వగరును, చేదును. మనము పాలు పోయుట ఎందుకు? పాలలోని మాంసకృత్తులు ఆకులోని వగరును పట్టి అణచును. పాలు తీసివేసినచో ఆ పనిని వేఱొకరు చేయవలెను. పండు పులుపును తీపిని ఇచ్చును. చిటికెడు ఉప్పు చేదును అణచును. రెండు మిరియపుగింజలు కారమునిచ్చును. ఉగాదిపచ్చడిలోవలె ఆఱు రుచులును ఒక గ్లాసులో కుదురును. ఐతే పాలున్నచోట పులుపు చేరరాదు, విఱిగిపోవును. కాబట్టి పండ్ల తేనీరు కావలెనన్న పాలు వదలుకొనవలసినదే. మా వయసువారికి ఇదియే కష్టము. మొదటిదినము మా యింటియామె గ్లాసును చూచి, “పాలు లేకపోతే అది కషాయం కాదుటండీ?” అన్నది. శాస్త్రదృష్టిని అది సత్యము. కషాయమనగా కాచినదియు కషాయమే, వగరును కషాయమే.

మేము పదిదినములు రుచి చూచినవానిలో నిమ్మ తేనీటికే నేను మొదటి తాంబూల మిచ్చెదను. లీటరు నీరు మరగించి దింపి, రెండు చిన్నచెంచాల ఆకు వేసి, మూతపెట్టి, మూడు నిమిషములలో వడకట్టవలెను. ఆకును పొయ్యిమీదనే ఉడికించు మన యలవాటు ఇక్కడ పనికిరాదు. ఉడికినకొలది వగరు దిగును, పాలు లేక దానిని త్రాగలేము. చల్లాఱిన పిదప నిమ్మరసము పిండినపుడు ఒక వింత చూడవచ్చును. ముదురు గోధుమరంగు క్షణములో తేలి తేనెరంగగును. పులుపు తగులగానే ఆకులోని రంగు పదార్థము లేతవాఱును, మఱేమియు లేదు. మా మనుమరాలు ఆ రంగుమాఱుటను చూచుటకే రోజుకు మూడుకాయలు పిండించెడిది. అందులో కొంచెము బెల్లము, చిటికెడు ఉప్పు. కలకత్తా వీథులలో నిమ్మ టీకి నల్లయుప్పు వేయుదురు. అదియు బాగుండును గాని దాని గంధకపువాసన అందఱికిని పట్టదు.

ఆకును గుఱించి ఒక సూచన. మన యంగళ్ళలోని సన్నపు గుండ్రని పొడి, 1930లో అస్సాములో పుట్టిన యంత్రపద్ధతిచే ఆకును నలిపి, చించి, చుట్టి చేసినది. అది పాలటీకి దిట్ట. నిమ్మతో చల్లగా త్రాగుటకు పొడవాకు మేలు, అందును నీలగిరి తేయాకు మఱియు మేలు. చిక్కగా కాచిన తేనీరు చల్లాఱినపుడు కలకబాఱును. అది చెడిపోవుట కాదు, కెఫీనును వగరును ఒకదానినొకటి పట్టుకొని తెట్టుకట్టుట. నీలగిరి ఆకు చల్లబడినను తేటగా నిలుచునని దానికి పేరు. మా యింట నిది పరీక్షించి చూచితిమి. పొడిటీ గ్లాసు బురదకాలువవలె నుండగా నీలగిరి గ్లాసులోనుండి అవతలి గోడ కనబడినది.

చల్లని తేనీరు ఎక్కడ పుట్టినది? అమెరికాలో 1904న సెయింట్ లూయీ నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనములో, ఎండకు వేడి టీ ఎవరును త్రాగకపోగా వర్తకుడొకడు మంచుమీద పోసి అమ్మెననియు, అదే దాని జన్మమనియు కథ కలదు. కథ మంచిదే గాని నిజము కాదు. అంతకు పాతికయేండ్లు ముందే, 1879లో ఆ దేశపు వర్జీనియాలో ఒక యిల్లాలు అచ్చువేయించిన వంటలపుస్తకమున, ఉదయమున తేనీరు కాచి రాత్రిభోజనమునకు మంచు, పంచదార, నిమ్మరసములతో ఇచ్చు విధానము వ్రాయబడియున్నది. ప్రదర్శనము దానిని ఊరూర ప్రసిద్ధముచేసినది, అంతే. వంటయింట పుట్టినదానికి అంగడివాడు తండ్రియగుట లోకమున క్రొత్త కాదు.

బత్తాయితో మాకు పరాభవము కలిగినది. నల్లగొండ బత్తాయిలు తీయనివి తెచ్చి, పొద్దున రసము తీసి తేనీటిలో కలిపి, మధ్యాహ్నమునకని మూతపెట్టితిమి. మధ్యాహ్నము నోటబెట్టినచో వేపాకు చేదు. నేను ఆకును నిందించితిని. అపరాధి ఆకు కాదు, రసమే. బత్తాయిరసము పిండిన కొన్నిగంటలకు చేదెక్కు స్వభావము కలది. పిండినవెంటనే త్రాగినచో హాయిగా నుండును. తొక్కపై పసుపుపచ్చని పొరను పలుచగా గీసి వేడి తేనీటిలో వేసినచో రసముకంటె ఆ వాసనయే బాగుండును. లోపలి తెల్లపొర పడరాదు, చేదు. కాల్చిన పచ్చిమామిడికాయ గుజ్జును కూడ తేనీటిలో కలిపి చూచితిమి. మామిడియు చెడినది, తేనీరును చెడినది. మామిడికాయను నీటిలో పిసికి ఉప్పు, జీలకఱ్ఱ, బెల్లము కలిపి త్రాగుటయే దానికి గౌరవము.

ఇప్పుడు నేను అన్నిటికంటె ఇష్టముగా చెప్పవలసిన సంగతికి వచ్చితిని. ఆ రంగులపెట్టెలలో మూడింట ‘మందారజాతి పువ్వు’ అని యున్నదని చెప్పితిని గదా. రక్తమువంటి రంగు, నాలుకను చుఱుక్కుమనిపించు పులుపు దానివే. ఒక ఎండురేకును నీటిలో నానబెట్టి విప్పి చూచితిని. ఎక్కడనో చూచినట్లున్నది. నమలి చూచితిని. శ్రోతలారా, అది మన గోంగూర! పువ్వు కాదు, పువ్వు వాడి రాలిన పిదప కాయచుట్టును కండగా మిగులు ఎఱ్ఱని రక్షకపత్రములు. మన పెరటి ఎఱ్ఱగోంగూరయు, సూడాను, ఈజిప్టు దేశములలో కర్కడే యని, సెనెగలులో బిస్సాప్ అని, మెక్సికోలో జమైకా యని పిలిచి ఎండలలో చల్లగా త్రాగు మొక్కయు ఒకే జాతి. ఈజిప్టులో పెండ్లివిందులలో కూడ దానిని ఇత్తురు. మనము ఆకు కోసికొని పచ్చడి నూఱి, కాయను గొడ్డునకో విత్తునకో వదలెదము. వారు ఆకు జోలికి అంతగా పోక కాయ ఎఱుపును ఎండబెట్టి ప్రపంచమునకు అమ్ముచున్నారు. దానినే మా కోడలు రంగులపెట్టెలో వెలపెట్టి కొని మా యింటికి తెచ్చినది. మా దొడ్డిలో అదే మొక్క విత్తనము రాలి మొలిచి పెరుగుచున్నది.

చేయుట సులభము. ఎండిన రేకులు గుప్పెడు లీటరు మరగినీటిలో వేసి పది నిమిషములు మూతపెట్టి వడకట్టవలెను. పులుపు గట్టిది గనుక తీపి కావలెను. బెల్లము రుచికి మంచిదే గాని ఆ మాణిక్యపు రంగును మట్టిరంగు చేయును, పటికబెల్లము చెఱుపదు. నిమ్మచుక్క పడినచో ఎఱుపు ఇంకను వెలుగును. కళాయిలేని ఇత్తడిపాత్రలో గాని, సత్తుగిన్నెలో గాని కాయరాదు. పులుపు లోహమును తినునని చారు కాచు ఆడువారికి నేను చెప్పనక్కఱలేదు. స్టీలు, గాజు, మట్టిపాత్రలు తగినవి. ఒక జాగ్రత్త: ఇది రక్తపుపోటును కొంత తగ్గించునని వైద్యులు పరీక్షలలో చూచియున్నారు. కావున పోటునకు మందు మ్రింగువారు వైద్యుని అడిగి త్రాగుట మంచిది.

మారేడునుగూడ చెప్పి ముందుకు పోయెదను. దళములు శివునకు, కాయలు ఎవరికిని కావు. ఇది మన యూళ్ళ ఆచారము. థాయిలాండులో మారేడుకాయను అడ్డముగా బిళ్ళలుగా కోసి ఎండబెట్టి, దోరగా వేచి, నీటిలో కాచి త్రాగుదురు. మా కోడలి స్నేహితురాలు తెచ్చి యిచ్చిన బిళ్ళలు కాచితిమి. పులుపు లేదు, వగరు లేదు. మాగిన పండు వాసనయు, కాలిన బెల్లపు వాసనయు కలిసినట్లుండి, తీపి వేయకుండగనే తీపియను భ్రాంతి కలుగును. మధుమేహము కల మా తమ్ముడు దీనికే ఓటు వేసెను. తేయాకు లేదు గనుక రాత్రికి కూడ పనికివచ్చును.

వేడిగా త్రాగవలెనా, చల్లగా త్రాగవలెనా యని మీరడుగుదురు. ఎండలో వేడి టీ చలువచేయునని మన పెద్దలనెడివారు. మేము నవ్వెడివారము. 2012లో కనడాదేశపు ఒట్టావా విశ్వవిద్యాలయమువారు సైకిలు త్రొక్కువారికి వేడినీరును చల్లనీరును ఇచ్చి కొలిచి చూడగా, వేడిది త్రాగినవారి ఒంటిలో నిలిచిన ఉష్ణము తక్కువగా తేలినది. వేడి పానీయము లోనికి తెచ్చు వేడికంటె, అది పుట్టించు అదనపు చెమట ఆఱుచు తీసికొనిపోవు వేడి ఎక్కువ. ఐతే ఇందులో ‘ఆఱుచు’ అను మాటయే ప్రాణము. చెమట ఆఱిననే చలువ. కర్నూలు, మహబూబునగరము వంటి పొడియెండల చోట, గాలి తగులుచున్న నీడలో, వేడి నిమ్మ టీ నిజముగనే చలువచేయవచ్చును. మచిలీపట్టణము, కాకినాడల ఉక్కలో చెమట ఆఱదు, కాఱును. అక్కడ వేడి టీ వేడియే. పెద్దల మాటయు నిజమే, మన నవ్వును నిజమే. ఊరిని బట్టి తీర్పు.

చల్లబఱచుటకు మంచుపెట్టె ఉన్నవారు ఆకును కాయకయే, కాచి చల్లార్చిన నీటిలో వేసి ఆ పెట్టెలో ఏడెనిమిది గంటలు ఊఱనీయవచ్చును. ఆకు కొంచెము ఎక్కువ పట్టును గాని వగరు తక్కువ, కెఫీను తక్కువ, రుచి మృదువు. ఈ పనిని ఎండలో సీసాపెట్టి చేయుమని కొందఱందురు. చేయరాదు. ఆ గోరువెచ్చదనము సూక్ష్మక్రిములకు అత్తవారిల్లు. మంచుపెట్టె లేనివారు వేడినీటితో చేసి, చల్లార్చి, కుజాలో పోసి తడిగుడ్డ చుట్టవలెను. దీనికొక కుజాను వేఱుగా ఉంచుకొనవలెను, మట్టి వాసనను విడువదు. ఏపూటది ఆపూటనే ముగింపవలెను. బజారు మంచుగడ్డ త్రాగునీటితో చేసినదని రూఢిగా తెలియనిచో గ్లాసులో వేయరాదు.

భోజనముతోబాటు తేయాకు త్రాగరాదు. అది అన్నములోని ఇనుమును ఒంటికి పట్టనీయదు. రక్తము తక్కువైన ఆడువారు గంటసేపు ఎడమిచ్చి త్రాగవలెను. టీ త్రాగినచో ఒంటిలోని నీరంతయు పోవుననుట మాత్రము, రోజుకు మూడునాలుగు గ్లాసులవఱకు, భయపడవలసినది కాదు. త్రాగిన నీటిలో అధికభాగము ఒంటికి దక్కును. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు కలిగి నీటికి కొలత పెట్టబడినవారు వైద్యుని కొలతనే పాటింపవలెను. ఉప్పు సంగతియు అంతే. ఇక ఎవరికైన ఎండదెబ్బచే మాట తడబడినను, తెలివి తప్పినను ఏ పానీయమును నోట పోయరాదు, ఊపిరిగొట్టమునకు పోవును. నీడకు చేర్చి, ఒంటిమీద నీరు చల్లి, విసరుచు, 108కి ఫోను చేయవలెను.

ఇప్పుడు మా యరుగుమీద వేసవి నాలుగు నెలలును ఒక కుజా ఉండును. ఉదయము నిమ్మ, మధ్యాహ్నము గోంగూర. త్రోవను పోవువారిలో నా యీడువారెవరైన కూర్చున్నచో, దాహమైనదా యని అడుగుట మానితిని. గ్లాసు నింపి చేతిలో పెట్టుదును. మొన్న ఒకాయన, “నాకు దాహం లేదయ్యా” అనుచునే మూడు గ్లాసులు త్రాగి, ఇదేమి పానకమని అడిగెను. గోంగూర యని చెప్పితిని. నమ్మలేదు. లోనికి తీసికొనిపోయి డబ్బాలోని ఎండురేకులు చూపవలసివచ్చినది.

మీరును చేయదలచినచో విత్తు సంగతి చెప్పి ముగించెదను. ఎఱ్ఱగోంగూరలో నారకు పెంచు రకమునకు కాయమీది రేకు పలుచగా నుండి పనికిరాదు. రేకు కండగా, మెఱపుగా నుండు మొక్కల విత్తునే ఏరుకొనవలెను. తొలకరిలో, ఆషాఢమున, మొక్కకు మొక్కకు రెండుమూడడుగుల యెడముంచి కంచెవెంబడి వేసినచో, ప్రొద్దు కుఱుచయగు కాలమున పూచి, మార్గశిర పుష్యములలో కాయ చేతికి వచ్చును. కాయ ముదిరి పగులకముందే కోసి, రేకు ఒలిచి, నీడలో గాలికి ఆఱబెట్టి, గాజుసీసాలో బిరడా బిగించి దాచవలెను. రెండు మూడు మొక్కల కాయ మా యింటికి వైశాఖమంతయు వచ్చినది. విత్తు కావలసినవారు మా యింటికి వచ్చి అడుగవచ్చును. ఈ యేడు కొంచెము ఎక్కువగనే దాచియుంచితిని.